నేల ఎందుకు ఊగుతుంది? ఉదయగిరి, ఆత్మకూరు పిల్లలకు ఇంట్లోనే చెప్పగలిగే జల్జలా పాఠం

వంటింట్లో స్టీలు గిన్నెలు వాటంతట అవే గలగలమంటాయి. మంచాన్ని కింద నుంచి ఎవరో తోసినట్టు ఉంటుంది. లోడు లారీ పోయినట్టు ఒక మోత. రెండు మూడు క్షణాల్లో అంతా సద్దుమణుగుతుంది. జనం వీధిలోకి వచ్చేస్తారు. పెద్దవాళ్లు ఒకరినొకరు "మీ ఇంట్లో కూడానా?" అని అడుక్కుంటుంటే, చిన్నపిల్ల అమ్మ చున్నీ పట్టుకుని ఒకటే ప్రశ్న వేస్తుంది: "అమ్మీ, నేల ఎందుకు ఊగింది?"

నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఇది కొత్త ప్రశ్న కాదు. 2015 చివర్లో, 2016లో వింజమూరు, వరికుంటపాడు వైపు పలుమార్లు భూమి స్వల్పంగా కంపించింది. 2024 డిసెంబరులో పక్కనే ఉన్న ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరుసగా ప్రకంపనలు వచ్చాయి. అదే నెల 4వ తేదీ ఉదయం తెలంగాణలోని ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది.

పిల్ల ప్రశ్నకు మామూలుగా ఇళ్లలో రెండు రకాల జవాబులు దొరుకుతాయి. ఒకటి, "ఏం లేదు, పడుకో." రెండోది, వాట్సాప్‌లో వచ్చిన భయం కథ. మొదటిది విన్న పిల్లకు ఏం చేయాలో తెలీదు. రెండోది విన్న పిల్లకు రాత్రి నిద్ర పట్టదు. నిజానికి ఆరేడేళ్ల పిల్లకు కూడా అర్థమయ్యేలా చెప్పే జవాబు ఉంది. దానికి కావలసిన సామాను కూడా వంటింట్లోనే దొరుకుతుంది.

భూమి లోపల ఏముంది?

ఉడకబెట్టిన కోడిగుడ్డును పిల్లల ముందు పెట్టండి. పైన పెంకు, లోపల తెల్లసొన, మధ్యలో పచ్చసొన. భూమి కూడా ఇలాగే పొరలు పొరలుగా ఉంటుంది. మనం నడిచేది, బోరు వేసేది, ఇల్లు కట్టేది అంతా పైపెంకు మీదే. మన దేశం కింద ఈ పెంకు చాలాచోట్ల 35 నుంచి 40 కిలోమీటర్ల మందం ఉంటుంది. భూమి మధ్యదాకా వెళ్లాలంటే 6,371 కిలోమీటర్లు దిగాలి. దాంతో పోలిస్తే మన కాళ్ల కింది పెంకు చాలా పల్చన.

ఇప్పుడు ఆ గుడ్డును బల్ల మీద మెల్లగా తట్టండి. పెంకు పగిలి ముక్కలవుతుంది. కానీ రాలిపోదు, ఒకదాని పక్కన ఒకటి అలాగే అతుక్కుని ఉంటాయి. భూమి పైభాగం కూడా ఇలా పెద్ద పెద్ద ముక్కలుగా ఉంది. వాటిని పలకలు అంటారు. గుడ్డు పెంకు ముక్కలు కదలవు. భూమి పలకలు మాత్రం కదులుతూనే ఉంటాయి.

మన దేశం ఉన్న పలక ఉత్తరం వైపు ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. అంటే ఇంచుమించు వేలి గోళ్లు పెరిగేంత నిదానంగా. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట అది వెళ్లి ఆసియా పలకను గుద్దుకుంది. రెండు దుప్పట్లను ఎదురెదురుగా నెడితే మధ్యలో ముడతలు లేచినట్టు, అక్కడ హిమాలయాలు లేచాయి. ఆ నెట్టుడు ఈరోజుకీ ఆగలేదు.

హిమాలయాలు అక్కడ, ఉదయగిరి ఇక్కడ. మరి మనకేం సంబంధం?

పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. పాత చెక్క బల్లను గోడకేసి గట్టిగా నెట్టి చూపించండి. గోడకు తగిలిన చోట ఎక్కువ ఒత్తిడి పడుతుంది, నిజమే. కానీ బల్ల మధ్యలో ఎప్పటిదో ఒక పగులు ఉంటే అదీ కిర్రుమంటుంది. మన దేశం పలక ఆ బల్ల లాంటిది. ఉత్తరాన ఆసియాను నెడుతుంటే, ఆ ఒత్తిడి దక్షిణాన ఉన్న పాత పగుళ్ల దాకా వస్తుంది. అందుకే హిమాలయాల దగ్గర పెద్ద భూకంపాలు ఎక్కువ, మన వైపు తక్కువ. తక్కువ అంటే అసలు రావని కాదు.

పగులు అంటే ఏ పగులు?

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఇళ్ల పిల్లలకు ఇది చెప్పడం చాలా తేలిక. చెక్కలో గీతలు గీతలుగా నార ఉంటుంది. చెక్క చీలితే ఎక్కడ పడితే అక్కడ చీలదు. బలహీనంగా ఉన్న గీత వెంబడే చీలుతుంది. ఒకసారి చీలిక వచ్చిన చెక్క మీద మళ్లీ బరువు పడితే ఆ చీలికే ముందు కదులుతుంది. ఇది పనిచేసే ప్రతి తల్లికీ తెలుసు.

భూమి లోపలి రాయి కూడా అంతే. రాతిలో పెద్ద పగులు పడి, దానికి రెండు వైపులా ఉన్న రాళ్లు ఒకదాన్నొకటి దాటి జరిగితే ఆ పగులును ఫాల్ట్ అంటారు. బడి పుస్తకంలో భ్రంశం అని ఉంటుంది. కొన్ని భ్రంశాలు కిలోమీటరు పొడవుంటాయి, కొన్ని వందల కిలోమీటర్లు ఉంటాయి. చాలావాటికి పైన మట్టి కప్పేసి ఉంటుంది కాబట్టి కంటికి కనపడవు.

రెండు అరచేతులతో ఈ కదలికను చూపించవచ్చు. అరచేతులు ఆనించి ఒకటి పైకి, ఒకటి కిందికి జరపండి. అది ఒక రకం. ఒక చెయ్యి ముందుకి, ఒకటి వెనక్కి జరపండి. అది ఇంకో రకం. ఒక చెయ్యి ఏటవాలుగా రెండో చెయ్యి మీదికి ఎక్కించండి. అది మూడో రకం. రాళ్లు కదిలేదీ ముఖ్యంగా ఈ మూడు రకాలుగానే.

మన కొండల కింద ఏ రాళ్లున్నాయి?

మన పిల్లలు గర్వంగా చెప్పుకోవలసిన విషయం ఒకటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు నెల్లూరు జిల్లా రాళ్లను చదివి వాటిలో ఒక వర్గానికి "ఉదయగిరి గ్రూపు" అని, ఇంకో వర్గానికి "వింజమూరు గ్రూపు" అని పేర్లు పెట్టారు. వింజమూరు గ్రూపు రాళ్లలో ఎక్కువ భాగం ఒకప్పటి లావా. ఉదయగిరి గ్రూపు రాళ్లలో ఎక్కువ భాగం ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక, బురద. తర్వాత వేడికి, ఒత్తిడికి అవి రూపం మార్చుకున్నాయి. బురద పొరలు పరోటా పొరల్లాంటి రాయి అయ్యాయి. దాన్ని షిస్టు అంటారు. ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది.

వీటి వయసు వందల కోట్ల ఏళ్లు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని పట్టుకుంది 1514లో. దుర్గం మీది పాత మసీదు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కాలం నాటిది, అంటే 1600ల నాటిది. ఆ రాళ్ల లెక్కలో ఇవన్నీ నిన్న మొన్నటి సంగతులే.

ఈ రాళ్లకు పడమటి వైపు వెలిగొండలు, వాటి అవతల కడప వైపు రాళ్లు. చాలా పూర్వకాలంలో తూర్పు వైపు రాళ్లు భయంకరమైన ఒత్తిడికి పడమటి రాళ్ల మీదికి ఎక్కాయి. అరచేతుల ఆటలో మూడో రకం ఇదే. అప్పుడు పడ్డ పగుళ్లు ఈ నేల అడుగున ఇంకా ఉన్నాయి. అలాగని ప్రతి పాత పగులూ కదలదు. ఎక్కువ భాగం నిద్రలో ఉన్నట్టే ఉంటాయి. అప్పుడప్పుడు ఎక్కడో ఒక చిన్న ముక్క కాస్త సర్దుకుంటుంది. మన ఇంట్లో గిన్నెలు మోగేది అప్పుడే.

సేమియాతో ఒక ప్రయోగం

పండక్కి తెచ్చిన పొడుగు సేమియా ఇంట్లో మిగిలి ఉంటే ఒక పుల్ల తీసుకోండి. పిల్ల రెండు చేతుల వేళ్లతో రెండు చివర్లు పట్టుకుని మెల్లగా వంచాలి. ముందు వంగుతుంది. ఇంకాస్త వంగుతుంది. ఉన్నట్టుండి టప్‌మని విరుగుతుంది. ఆ క్షణంలో వేళ్లకు చిన్న అదురు తెలుస్తుంది.

"ఏం తెలిసింది?" అని అడిగితే పిల్ల "చెయ్యి ఝుమ్మంది" అంటుంది. భూకంపం అంటే అదే. రాయి ఏళ్ల తరబడి ఒత్తిడిని తనలో దాచుకుంటుంది. ఓర్చుకోలేని రోజున ఒక్కసారి జరుగుతుంది. ఆ అదురు నాలుగు వైపులా పాకుతుంది.

ఇంకో ప్రయోగం. ఇటుకకు రబ్బరు బ్యాండు కట్టి గరుకు గచ్చు మీద మెల్లగా లాగండి. ఇటుక వెంటనే కదలదు. రబ్బరు సాగుతుంది, సాగుతుంది, ఒక్కసారి ఇటుక గబుక్కున జరిగి ఆగిపోతుంది. మళ్లీ లాగితే మళ్లీ అంతే. ఎప్పుడు జరుగుతుందో ముందే చెప్పమని పిల్లలతో పందెం వేయండి. ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఈ సంగతి కిందికి వెళ్లాక పనికొస్తుంది.

మోత ముందు, ఊపు తర్వాత ఎందుకు?

సోమశిల నీళ్లలో రాయి వేస్తే అలలు గుండ్రంగా ఒడ్డుకు వస్తాయి. రాయి పడ్డచోట గట్టిగా, ఒడ్డుకు వచ్చేసరికి మెల్లగా ఉంటాయి. భూమి లోపల రాయి జరిగినప్పుడూ అలలు పుడతాయి. వాటిలో రెండు రకాలు పిల్లలకు తెలిస్తే చాలు.

మొదటి అల వేగంగా పరిగెత్తుతుంది, గట్టి రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. ఇది ముందుకీ వెనక్కీ నెట్టే అల. లారీ మోత లాంటి శబ్దం చాలాసార్లు దీనివల్లే. రెండో అల సెకనుకు మూడున్నర కిలోమీటర్లు. ఇది పక్కకు ఊపే అల. గోడల్ని ఎక్కువ కదిలించేది ఇదే. 35 కిలోమీటర్ల దూరంలో రాయి జరిగితే మొదటి అల సుమారు 6 సెకన్లకు వస్తుంది, రెండోది 10 సెకన్లకు. మెరుపు ముందు, ఉరుము తర్వాత వచ్చినట్టే. మధ్యలో దొరికే ఆ 4 సెకన్లు చిన్న టైము. కానీ బల్ల కిందికి దూరడానికి చాలు.

3 అంటే ఎంత? 6 అంటే ఎంత?

టీవీలో "3.1 తీవ్రత" అని వస్తుంది. 3కి రెట్టింపు 6 కదా అని పిల్లలు అనుకుంటారు. ఈ లెక్క అలా ఉండదు. ఒక అంకె పెరిగితే బయటికి వచ్చే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 3 నుంచి 4కు 32 రెట్లు. 5కు 32 సార్లు 32, అంటే వెయ్యి రెట్లు. 6కు సుమారు 32 వేల రెట్లు.

2024 డిసెంబరు 21న ముండ్లమూరు, తాళ్లూరు వైపు వచ్చింది 3.1. గిన్నెలు మోగే స్థాయి అది. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర వచ్చింది 5.4. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చింది 5.7. గుజరాత్‌లో 2001 జనవరి 26న భుజ్ ప్రాంతాన్ని కూల్చినది 7.7. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, చిన్న కంపనకు ఎంత భయపడాలో, పెద్దదానికి ఎంత సిద్ధంగా ఉండాలో తెలుస్తుంది.

కిల్లారి చెప్పిన పాఠం

1993 సెప్టెంబరు 30. తెల్లవారుజామున నాలుగు గంటలు కావస్తోంది. మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతంలో 6.2 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు పది వేల మంది చనిపోయారు. అప్పటి మ్యాపుల్లో అది ప్రమాదం అతి తక్కువ ఉన్న ప్రాంతం. హిమాలయాలకు ఎంతో దూరం. మనలాగే పాత గట్టి రాతి నేల.

అంతమంది ఎందుకు పోయారు? నేల నోరు తెరిచి మింగలేదు. సినిమాల్లో అలా చూపిస్తారు గానీ, చంపేది ఎక్కువగా ఇంటి గోడలూ కప్పులూ. కిల్లారి ఊళ్లలో పెద్ద పెద్ద రాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, పైన బరువైన మట్టి కప్పులు. గోడ రాళ్లను పట్టి ఉంచే సిమెంటు గానీ, చుట్టూ బిగించే పట్టీ గానీ లేవు. అందరూ నిద్రలో ఉన్నారు.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు పాత వీధుల్లో ఇలాంటి రాతి గోడల ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. 2002 నాటి జాతీయ ప్రమాణాల్లో నెల్లూరు మూడో జోన్‌లో ఉంది, హైదరాబాద్ రెండో జోన్‌లో. అంటే మన వైపు ఓ మోస్తరు కంపనకు తట్టుకునేలా ఇల్లు కట్టాలని దాని అర్థం. కొత్త ఇల్లు కట్టేవాళ్లు పునాది దగ్గర, తలుపుల పైన, కప్పు కింద ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ వేయమని మేస్త్రీకి చెప్పాలి. పెట్టెకు తాడు కట్టినట్టు అది గోడలన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. పాత ఇంట్లో ఉండేవాళ్లు ఇంజనీరుకు ఒకసారి చూపించడం మంచిది.

డబ్బుతో పని లేకుండా ఈరోజే చేయగలిగినవీ ఉన్నాయి. పిల్లలు పడుకునే చోట తల వైపు అటక మీద ట్రంకు పెట్టెలు, ఇత్తడి బిందెలు ఉంటే దించేయాలి. బీరువాను గోడకు బిగించాలి. గ్యాస్ సిలిండర్ ఎలా కట్టేయాలో ఇంట్లో పెద్దపిల్లలకూ తెలియాలి.

నేల ఊగితే ఏం చేయాలి?

పిల్లలకు మూడు మాటలు నేర్పితే చాలు: వంగు, దూరు, పట్టుకో.

మోకాళ్ల మీదికి వంగాలి. గట్టి బల్ల కిందో బెంచీ కిందో దూరాలి. దాని కాలు పట్టుకుని ఊపు ఆగేదాకా ఉండాలి. బల్ల లేకపోతే చేతులతో తల, మెడ కప్పుకుని లోపలి గోడ మూలన కూర్చోవాలి. అద్దాలకు, బీరువాకు దూరంగా ఉండాలి. మేడ మీద ఉంటే మెట్ల మీద పరిగెత్తకూడదు, లిఫ్ట్ ఎక్కకూడదు.

పాత రాతి-మట్టి ఇల్లయితే ఒక తేడా ఉంది. తలుపు పక్కనే ఉండి, బయట ఖాళీ స్థలం ఉంటే వెంటనే బయటికి రావడమే మేలు. సన్నని సందులో రెండు గోడల మధ్య నిలబడితే మాత్రం ప్రమాదం. బయట ఉన్నవాళ్లు ప్రహరీ గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా పోవాలి.

బడిలో, మద్రసాలో, మసీదులో ఉన్నప్పుడు వస్తే? ఎటు వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి అన్నది అక్కడి పెద్దలు ముందే పిల్లలకు చూపించి ఉంచాలి. జుమా రోజు అందరూ ఒకే తలుపు మీద పడితే తొక్కిసలాటే ముప్పు.

ఊపు ఆగాక స్టవ్, సిలిండర్ ఆపేసి బయటికి రావాలి. కొంతసేపటికి మళ్లీ చిన్న కంపనలు రావచ్చు, బీటలు పడ్డ ఇంట్లోకి వెంటనే వెళ్లొద్దు. ఎవరికైనా దెబ్బ తగిలితే 108, సాయం కావాలంటే 112.

"రాత్రి రెండింటికి వస్తుందట" అన్న మెసేజ్

ప్రతి కంపన తర్వాత ఇలాంటి మెసేజ్ ఒకటి తిరుగుతుంది. జనం పిల్లల్ని ఎత్తుకుని రాత్రంతా రోడ్డు మీద కూర్చుంటారు. ఇక్కడ ఇటుక, రబ్బరు బ్యాండు ప్రయోగం గుర్తు చేయండి. ఇటుక ఎప్పుడు జరుగుతుందో మన కళ్ల ముందే చెప్పలేకపోయాం. కిలోమీటర్ల లోతున రాయి ఏ రోజు, ఏ గంటకు జరుగుతుందో ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తా ముందే చెప్పలేడు. టైముతో సహా చెప్పిన మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చినా అబద్ధమే. ముందుకు పంపకుండా తీసేయడమే ఇరుగుపొరుగుకు చేసే సాయం.

సునామీ హెచ్చరిక వేరే సంగతి. సముద్రం అడుగున భూకంపం వచ్చాక, అల ఒడ్డుకు చేరేలోపు టైము ఉంటుంది. 2004 డిసెంబరు 26న నెల్లూరు తీరాన్నీ సునామీ తాకింది. ఆ తర్వాత 2007లో హైదరాబాద్‌లో హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూమి కంపనల్ని కొలిచి చదివే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ఈ పని నేర్చుకోవాలనుకునే ఉదయగిరి పిల్లకు అది అందనంత దూరమేమీ కాదు.

పిల్ల భయానికి జవాబు

జల్జలా అనే మాట మన పిల్లలకు చిన్నప్పుడే తెలుస్తుంది, సూరాలు నేర్చుకునేటప్పుడే. కాబట్టి గిన్నెలు మోగగానే "నానీ, ఇది కయామత్ రోజా?" అని అడిగే పిల్లలుంటారు. ఆ పిల్లను కసురుకోవద్దు, నవ్వొద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని "కాదు బేటా, కింద రాయి కాస్త సర్దుకుంది, నువ్వు సేమియా విరిచావు చూడు, అలాగ" అని చెప్పాలి. దువా చదవడం, బల్ల కింద దూరడం రెండూ ఒకే పిల్ల నేర్చుకోవచ్చు.

ఈ ఆదివారం పది నిమిషాలు చాలు. ఒక గుడ్డు, ఒక సేమియా పుల్ల, ఒక ఇటుక. తర్వాత "నేల ఊగింది!" అని ఎవరో ఒకరు అరవాలి, ఇంట్లో అందరూ వంగి, దూరి, పట్టుకోవాలి. మొదటిసారి పిల్లలు నవ్వుతారు. రెండోసారి పోటీ పడతారు. మూడోసారికి దాదీకి ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చూపిస్తారు.